బిందెల లైను

ఆశాజ్యోతి తడిగుడ్డతో స్టీలు బిందె మెడ తుడుస్తోంది. కడగడానికి నీళ్లు లేవు. బొగ్గు యార్డు మీంచి వీచిన గాలి కిటికీ సందుల్లోంచి దూరి అలమర మీద, అన్నం గిన్నె మీద, నిద్రపోతున్న పాప కనురెప్పల మీద కూడా నల్లటి పొడి చల్లి పోయింది. ఒక్క చుట్టు తిప్పేసరికి గుడ్డ నల్లబడింది. మడత మార్చి మళ్లీ తుడిచింది. బిందె అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు వేళ్లకి గరుకుగా తగిలాయి. మూడేళ్లుగా ఆ గరుకు ఆమె చేతికి అలవాటే. కళ్లు మాత్రం ఆ అక్షరాలని చదవడం ఎప్పుడో మానేశాయి.

"ఆ స్టీలుదాన్నెందుకే తుడత్తన్నావ్?" గడపలో కూర్చుని వక్క కొరుకుతున్న అత్త వరహాలమ్మ అడిగింది. "అందులో పోసీడానికి నీ కాడ నీల్లున్నాయేటి?"

"ప్లాస్టిక్కువి రెండూ నిన్న పోలీసోల్లు వేన్లో ఏసుకుని ఎలిపోనారు కదత్తా. లైన్లో మనింటి సోటు కాళీగా ఉండిపోద్ది."

"ఉంటే ఉంటాది. ఒక్క బిందె నేకపోతే రోడ్డు తెరిసీసుకుంతాదేటి?"

లైన్లో ఖాళీ అంటే ఏమిటో గెడ్డవీధిలో ముప్పై ఏళ్లు బతికిన అత్తకి తెలియక కాదు. రాత్రి షిఫ్టు చేసొచ్చి లోపల పడుకున్న కొడుకు వింటాడని అంటోంది.

గెడ్డవీధిలో అరవై ఇళ్లకీ ఒకటే కుళాయి. నీళ్లు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వచ్చి రెండు గంటల్లోనే ఆగిపోతాయి. ముందురోజు సాయంత్రానికే బిందెలు లైన్లోకి వచ్చేస్తాయి. మనుషులు ఉండరు, బిందెలే ఉంటాయి. కుళాయి దగ్గర ఎవరుంటే వాళ్లు ముందున్న బిందె నింపుతారు, అది ఎవరిదని చూడరు. నిండినదాన్ని పక్కకి తీసి మిగతావాటిని ఒక అడుగు ముందుకి జరుపుతారు. జ్వరంతో పడుకున్నవాళ్ల బిందె నిండి వాళ్ల గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. బాలింత ఉన్న ఇంటి బిందె ఎంత వెనకున్నా ముందుకి వెళ్లిపోతుంది. అందరికీ ఒక్కొక్కటి నిండేదాకా ఎవరూ రెండోది పెట్టరు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. కాపలా కాసే మనిషీ లేడు.

ఆనందపురం అవతల ఒక పల్లె నుంచి గవర్రాజుని పెళ్లి చేసుకుని వచ్చిన మొదటి సాయంత్రం ఆశాజ్యోతి బిందె చంకన పెట్టుకుని కుళాయి దగ్గర బిత్తరపోయి నిలబడింది. వాళ్ల ఊళ్లో బోరు గదికి తాళం ఉండేది. తాళంచెవి ప్రెసిడెంటు గారి ఇంట్లో మేకుకి వేలాడేది. బడి నుంచి వచ్చిన వెంటనే వాళ్ల వాకిట్లోకి పోయి, ఆ ఇంటావిడకి టీవీ సీరియల్ అయ్యేదాకా చెప్పులు విప్పి నిలబడేది ఆశాజ్యోతి. ఆ అలవాటుతోనే ఇక్కడా అడిగింది: "ఇక్కడ పెద్ద ఎవులండీ? ఎవుల్ని అడగాల?"

ఎదురింటి అరుగు మీద కుట్టు మిషను తొక్కుతున్న చాంద్ సుల్తానా నోట్లో గుండుసూదులు ఉన్నాయని కూడా మర్చిపోయి నవ్వింది. "అడగడమేటే గుంటా? బిందె ఎట్టు, ఎల్లిపో."

చేతులు కట్టుకోకుండా నీళ్లు తెచ్చుకోవడం ఆశాజ్యోతికి అదే మొదలు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కాని మర్చిపోలేదు.

పోయినేడు వార్డు నాయకుడి మనిషి త్రినాథరావు వచ్చి, కుళాయికి ఇనుప పెట్టె బిగించి తాళం వేశాడు. నీళ్ల కమిటీ అన్నాడు. దానికి తనే అధ్యక్షుడన్నాడు. ఇంటింటికీ కార్డులన్నాడు. వీధిలో ఎవరూ పోట్లాడలేదు. కార్డు తీసుకోవడానికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. రెండో రోజుకి తాళం వీధి పక్కన పారే గెడ్డలో ఉంది. ఇంకోటి వేశాడు. అదీ గెడ్డలోకే పోయింది. మూడోది వెయ్యలేదు. ఆ రెండో తాళం విరిచింది తన మొగుడు గవర్రాజేనని ఆశాజ్యోతికి తెలుసు. ఆ రోజు అతని అరచేతిలో చీరుకుపోయిన గాయానికి పసుపు అద్దింది తనే.

ఇప్పుడు ఆ కుళాయి పదకొండు రోజులుగా ఎండిపోయి ఉంది. బొగ్గు లారీలు పెద్ద రోడ్డు చుట్టు తిరగలేక వీధి చివరి దారిలోంచి అడ్డంగా పోవడం మొదలెట్టాయి. ఒక లారీ చక్రం కింద గొట్టం పగిలింది. ఆ రోజు నీళ్లు నల్లబురదలో కలిసి గెడ్డలోకి పోతుంటే ఆడవాళ్లు గిన్నెలతో ఎత్తుకున్నారు. ఆ తరవాత ఎత్తుకోవడానికి బురద కూడా మిగల్లేదు.

మొత్తం నలభై మంది నీళ్ల ఆఫీసుకి వెళ్లారు. అక్కడి అధికారి గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "మీ లీడర్ ఎవరు?"

"నేదండీ. అందరం వొచ్చాం," అంది సుల్తానా.

"అందరూ లోపల పట్టరమ్మా. లీడర్ని, ఇంకొకర్ని పంపండి."

"ఇద్దరికే దాహమేత్తే ఇద్దరే వొద్దుం కదండీ."

వెనక నిలబడిన ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది. "లీడర్ని తేల్చుకుని రేపు రండి," అని తలుపేసుకున్నాడు. మర్నాడు వెళ్లారు. అదే మాట. మూడో రోజూ అదే మాట. నీళ్లు అడగడానికి ముందు ఒకణ్ని నెత్తిన పెట్టుకోవాలి, వాడొచ్చి లోపల కుర్చీలో కూర్చోవాలి, టీ తాగాలి, బయటికొచ్చి 'ఓపిక పట్టండి' అనాలి. ఆ మూడు రోజులూ ఆశాజ్యోతి పాపని చంకనేసుకుని గోడ వారగా నిలబడి, ఆ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో, ఎవరెవరికి తెరుచుకుందో చూసింది. లారీల కంపెనీ మేనేజరుకి తెరుచుకుంది. త్రినాథరావుకి తెరుచుకుంది.

రోడ్డు మీదికి వెళ్దామని మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. అసలు ఎవరూ అనలేదు కూడా. నీళ్లు రాకపోయినా అలవాటు కొద్దీ సాయంత్రానికి బిందెలు లైన్లోకి వచ్చాయి. పొద్దున్న అవి అలాగే బోసిగా నిలబడి ఉంటే ముసలి పోతమ్మకి ఒళ్లు మండింది. "ఏటే ఇలా నిలబడిపోనాయి? ముందుకి జరపండే!" అని తన బిందెని కాలితో తోసింది. ముందుకి అంటే ఎండిపోయిన కుళాయి. దాన్ని దాటితే లారీల రోడ్డు. వెనకనున్నవాళ్లు వెనకనుంచి జరిపారు. అరగంటలో అరవై బిందెలు రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకున్నాయి. ఆకుపచ్చవి, నీలంవి, రంగు వెలిసినవి, మైనంతో చిల్లు పూడ్చినవి. మనుషులు మాత్రం ఎప్పటిలాగే ఎవరి గుమ్మాల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

మొదటి లారీ ఆగింది. డ్రైవరు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. యారాడ ఊరి మనిషతను. తొక్కించుకుపోతే పట్టుమని పది సెకన్లు పట్టదు. "ఆడోల్ల బిందెల మీదినించి బండి తోలీమంతారేటి నన్ను? మా అమ్మ సెప్పుచ్చుకుంతాది," అని ఇంజను ఆపేసి, లారీ నీడలో తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. మధ్యాహ్నానికి అతని వెనక రెండు మైళ్ల లారీలు ఆగిపోయాయి.

ఎస్సై వచ్చి అరిచాడు. "ఎవరివీ బిందెలు?"

పోతమ్మ గుమ్మంలోంచి మెడ సాచింది. "ఏటో బాబూ, నీల్లు ఎతుక్కుంతూ అయ్యే ఎలినట్టున్నాయి."

"ఎవరు పెట్టించారు? లీడర్ ఎవరు?"

కానిస్టేబుళ్లు ఎత్తి పక్కన పెట్టారు. వాళ్లు వెనక్కి తిరిగేసరికి బిందెలు మళ్లీ రోడ్డు మీద ఉన్నాయి. రెండో రోజు వేను తెచ్చి, దొరికినన్ని దాన్లో పడేసుకుని పోయారు. బిందెలు పోయిన ఇళ్లవాళ్లు బకెట్లు పెట్టారు. ఎస్సై గొంతు చించుకున్నాడు. "ఇది అరాచకం! తెలుస్తోందా మీకు? అరాచకం అంటారు దీన్ని!"

"రాజు నేకపోతే అరాసకమేటి సారూ?" సుల్తానా మిషను ఆపకుండానే అంది. "మా కులాయి కాడ రాజెప్పుడున్నాడు? ముప్పయ్యేల్లలో ఒక్క బిందె దొంగపోనేదు. ఇయ్యాల మీరొచ్చారు, ముప్పయ్యేడు పోనాయి."

ఆ మాటకి వీధంతా నవ్వింది. ఎస్సై ఆమెని కొంచెంసేపు చూసి జీపెక్కాడు. ఆ చూపుని అందరి కంటే ఎక్కువసేపు గమనించింది ఆశాజ్యోతి.

ఇవాళ మూడో రోజు. ప్లాస్టిక్ బిందెలే పెట్టాలని అందరూ అనుకున్న మాట. ప్లాస్టిక్ బిందెకి పేరుండదు. ఆ సంగతి ఆశాజ్యోతికి తెలుసు. కాని పొద్దున్నే గుమ్మంలోంచి చూసేసరికి సుల్తానా బకెట్టుకీ పోతమ్మ డబ్బాకీ మధ్య తన ఇంటి చోటు పన్ను ఊడినట్టు ఖాళీగా కనిపించింది. మనసు ఒప్పలేదు. బిందె మీద మూత తీసి అలమరలో పెట్టి, తుడిచిన స్టీలు బిందె తీసుకెళ్లి అక్కడ పెట్టి వచ్చేసింది. అంతే. అంత చిన్న పని.

ఎండలో స్టీలు మెరిసింది. వయసు మళ్లిన కానిస్టేబుల్ ఒకాయన ముందు దాన్నే ఎత్తాడు. అంచు దగ్గర వేలితో రుద్దాడు.

"సార్, దీని మీద పేరుంది."

ఎస్సై లాక్కుని పైకి చదివాడు. "చాంద్ సుల్తానా, గెడ్డవీధి."

గుమ్మంలో నిలబడ్డ ఆశాజ్యోతికి పాప బారసాలకి సుల్తానా ఆ బిందె తెచ్చిన రోజు గుర్తొచ్చింది. పాతూళ్లో జమీర్ సామాన్ల కొట్టులో పక్కన నిలబడి మరీ పేరు చెక్కించానని, మూత మీద కూడా పైసా ఇవ్వకుండా చెక్కించానని చెప్పి, 'రేపు మీ గుంట కాపరానికి పట్టుకెలినప్పుడు ఈ సుల్తానా ఎవులని అడగాల' అని నవ్వింది. ఏ ఇంట్లో చూసినా అంతే. సొంత సామాను మీద సొంత పేరుండదు. చదివించినవాళ్ల పేరే ఉంటుంది.

ఆ ముసలి కానిస్టేబులూ అదే అన్నాడు. "సార్, ఇది సదివింపుల సామాను అయ్యుంటాది. ఇచ్చినోల్ల పేరేత్తారు. ఉంచుకున్నోల్లు వేరే."

"నాకు కావాల్సింది పేరు," అన్నాడు ఎస్సై. "దొరికింది."

సుల్తానా మెడలో టేపుతోనే అరుగు దిగి వచ్చింది. బిందెని చూసింది. ఆమెకి తెలుసు. ఆ క్షణంలో ఆమె ఎటైనా చూడొచ్చు. ఆశాజ్యోతి గుమ్మం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. కావాలనే చూడలేదు.

"నాదే," అంది.

"అయితే నువ్వేనన్నమాట లీడరువి."

"బిందె నాదన్నాను. లీడర్నన్నానేటి?"

ఆమెని వేనెక్కించారు. బిందెని కూడా ఎక్కించారు. కుట్టు మిషను కింద సగం కుట్టిన జాకెట్టు గాలికి కొట్టుకుంటూ ఉండిపోయింది.

'నాది' అనడానికి ఆశాజ్యోతి నోరు తెరిచింది. మాట రాలేదు. రానిది భయం వల్ల కాదు. వెనక గోడకి మేకు ఉంది. ఆ మేకుకి గవర్రాజు గేటు పాసు వేలాడుతోంది. పోర్టులో కాంట్రాక్టరు కింద బొగ్గు మోసే బెల్టు దగ్గర పని అతనిది. పాసు గడువు శనివారంతో సరి. కొత్త పాసుకి ఫారం మీద పోలీసు ముద్ర పడాలి. అదే స్టేషను, అదే ఎస్సై. ఇంట్లో ఎవరి మీదైనా కేసుంటే పాసు రాదు. ఆరేళ్లుగా బొగ్గు పీల్చి పీల్చి నల్లటి కఫం ఉమ్ముతున్న మనిషి ఆ పాసు కోసం ఎంత కంగారు పడుతున్నాడో ఆమె రోజూ చూస్తోంది. వేను మలుపు తిరిగింది. అప్పుడు, ఇక అక్కర్లేనప్పుడు, ఆమెకి నోరు వచ్చింది.

మధ్యాహ్నం త్రినాథరావు గుమ్మంలోకి వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న గవర్రాజు అప్పుడే లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు.

"బావా, భయపడకు. మీ పేరు ఎక్కడా రానేదు," అన్నాడు త్రినాథరావు. "ఆవిడిది మొండితనం. ఏటీ నేదు, వీధి తరపున లీడరునని ఒక సంతకం ఎట్టీసి, ఇక రోడ్డు ముట్టుకోమని రాసిచ్చీమన్నారు. రాసిత్తే ఇంటికంపేత్తారు. 'అందరి తరపునా నానెవుల్ని రాయడానికి' అంతంది. అందుకే సెప్పేను ఆ రోజు, కమిటీ అని ఒకటుండాల అని. ఉంటే ఆ సంతకం నానే ఎట్టీద్దును."

"గొట్టం ఎప్పుడు బాగవుద్ది?" ఆశాజ్యోతి అడిగింది.

త్రినాథరావు ఆమె వైపు చూడకుండా గవర్రాజుకే చెప్పాడు. "ముందు రోడ్డు తెరవాల. తరవాత అయ్యన్నీ."

అతను వెళ్లాక గవర్రాజు అలమర వైపు చూశాడు. అక్కడ స్టీలు మూత ఒంటరిగా ఉంది.

"ఆ మూత మీద కూడా ఉన్నాదా పేరు?"

"ఉన్నాది."

"తీసుకెళ్లి గెడ్డలో పడీ."

ఆమె కదల్లేదు.

"ఆసా, నీకే సెప్తన్నాను. ఇల్లు సూత్తామని వొత్తే బిందె ఇక్కడిదని తెలిసిపోద్ది. రేపు ముద్ర పడాల నాకు."

"అక్కని అక్కడ కూకోబెట్టినారు. నా బిందెకి."

"ఆవిడే నాదందిగా! మనం అనమన్నామేటి? ఆవిడికి మొగుడి పాసు నేదు, పిల్లల్లేరు. రెండు గంటలు కూకోబెట్టి వొదిలేత్తారు."

"మొగుడు నేకపోతే స్టేషన్లో కూకోవొచ్చేటి?" ఆశాజ్యోతి అతని వైపు తిరిగింది. "తాలం ఇరిసినప్పుడు నువ్వు అడిగావా ఎవులికి పిల్లలున్నారో, ఎవులికి నేరో? సెయ్యి తెగితే పసుపెట్టాను. వీధిలో అరవై ఇల్లకీ తెలుసు ఇరిసింది నువ్వేనని. ఒక్క నోరు లెగనేదు. ఆ నోరు మూసుకున్నోల్లలో సుల్తానక్క నేదా?"

"అప్పుడు సీకట్లో ఎవుడూ సూడనేదు. ఇప్పుడు పేరుంది! పేరున్నాక కతే వేరు!"

"ఎవులి పేరు? నాది కాదుగా. అదే నీకు బాగుంది."

గవర్రాజు చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక గోడ మీది పాసుని లాగి ఆమె ముఖం ముందు ఊపాడు. "ఇది పోతే ఏటి తింతావ్? లైను తింతావా? ఆ బిందెలు తింతావా? ఈ ఇంట్లో నాను సెప్పినట్టు జరగాల. అంతే. ఇది వీధి కాదు!"

పాప లేచి ఏడుపు మొదలెట్టింది. వరహాలమ్మ గడపలోంచి తిరిగి చూడకుండానే "అరవకండ్రా" అంది.

ఆశాజ్యోతి ఆ పాసు వైపు చూసింది. ఎర్రటి తాడు, ప్లాస్టిక్ తొడుగు, లోపల ఎప్పుడో దిగిన మొగుడి ఫోటో. ఫోటోలో అతను భయపడుతూనే ఉన్నాడు. ప్రెసిడెంటు గారి ఇంట్లో తాళంచెవి కూడా ఇలాంటి మేకుకే వేలాడేది. దాని కింద చెప్పులు విప్పి ఎంతసేపు నిలబడ్డా ఎవరూ 'కూర్చో' అనేవారు కాదు. ఆ ఇంటావిడ మీద పదేళ్ల వయసులో రావాల్సిన కోపం ఇన్నాళ్లకి, ఇక్కడ, ఈ మనిషి మీద వచ్చింది. ఈ మనిషి మీద మాత్రమే కాదు. లీడర్ని తెమ్మని తలుపేసుకున్న అధికారి మీద, పేరుంటే చాలన్న ఎస్సై మీద, సంతకానికి తనొకణ్ని ఉన్నానన్న త్రినాథరావు మీద. అందరి కంటే ఎక్కువగా, పొద్దున్న తెరుచుకుని పలకలేకపోయిన తన నోటి మీద.

పాపని ఎత్తుకుని వీపు నిమిరి, ఏడుపు తగ్గాక తీసుకెళ్లి నాయనమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది. అలమర దగ్గరికి వచ్చి మూత తీసింది. బొగ్గుపొడి అప్పుడే మళ్లీ పట్టింది. కొంగుతో తుడిచింది. చాంద్ సుల్తానా, గెడ్డవీధి. కొట్టువాడి చెయ్యి చివర్లో జారి, ఆఖరి అక్షరం పక్కన ఒక చుక్క ఎక్కువ పడింది. బిందె మీదా అదే చెయ్యి, అదే చుక్క. ఆ బిందెకి ఈ మూత తప్ప ఇంకోటి పట్టదు. మూత ఎవరింట్లో ఉంటే బిందె వాళ్లదే.

గవర్రాజు ఊపిరి వదిలాడు. "గెడ్డలో లోతుగా ఉన్న సోట పడీ. బేగి వొచ్చీ," అన్నాడు కాస్త మెత్తగా.

వరహాలమ్మ కోడలి చేతిలోని మూతని చూసింది. కోడలి ముఖం చూసింది. వక్క నమలడం ఆపింది. గడపకి అడ్డంగా చాపుకున్న కాళ్లని, పాపని పొదివి పట్టుకుని, మెల్లిగా లోపలికి ముడుచుకుంది.

ఆశాజ్యోతి చెప్పులు వేసుకుంది. గుమ్మం దిగితే ఎడమకి గెడ్డ, కుడికి లారీల రోడ్డు, ఆ రోడ్డు చివర పోలీసు స్టేషను. రోడ్డు మీద బిందెలు ఇంకా ఉన్నాయి. ఒక బకెట్టుకీ ఒక డబ్బాకీ మధ్య ఖాళీ ఉంది.

"ఆసా!" లోపల్నుంచి గవర్రాజు ఏదో అనుమానం వచ్చినట్టు పిలిచాడు. "ఎటు?"

ఆమె మూతని గుండెకి ఆనించుకుని కుడివైపుకి నడిచింది.